నొప్పి లేదని ఊరుకోకండి

మామోగ్రామ్ చేయించుకున్నావా అని ఇప్పుడు మనం ఒకరినొకరు మొహమాటం లేకుండానే అడుగుతున్నాం. మగవాళ్లకు వచ్చే వృషణాల క్యాన్సర్ మాట మాత్రం ఇంట్లో ఎత్తం. సైన్స్ చదివిన నాకే మా వారి ముందు ఆ మాట అనడానికి నోరు రాదు. ఇక పిల్లలు తమంతట తాము వచ్చి మనతో చెప్తారా?

ఇది పెద్ద వయసు జబ్బు కాదు. 15 నుంచి 40 ఏళ్ల లోపు వాళ్లలోనే ఎక్కువ. అమెరికాలో దాదాపు 250 మంది మగవాళ్లలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మన ఆసియా వాళ్లలో తక్కువే కానీ, రాదని కాదు.

యువరాజ్ సింగ్ గుర్తున్నాడు కదా! 2011 ప్రపంచ కప్‌లో దగ్గు, ఆయాసం ఉన్నా ఆడుతూనే ఉన్నాడు. తర్వాత ఛాతీలో కణితి ఉందని తేలింది. అది వృషణాల్లో పుట్టింది కాకపోయినా అదే జాతి క్యాన్సర్. 2012లో ఇండియానాపోలిస్‌లో డాక్టర్ లారెన్స్ ఐన్‌హార్న్ దగ్గర కీమో చేయించుకుని, అదే ఏడాది మళ్లీ భారత జట్టులో ఆడాడు. 1974లో సిస్‌ప్లాటిన్ మందుతో ఈ క్యాన్సర్ వైద్యాన్నే మార్చేసిన డాక్టర్ ఆయనే.

ఏం గమనించాలి?

• బఠాణీ గింజంత గట్టి గడ్డ. చాలాసార్లు నొప్పి ఉండదు, అందుకే పట్టించుకోరు.
• ఒక వృషణం వాచడం, గట్టిపడటం, బరువుగా అనిపించడం.
• పొత్తికడుపులో, గజ్జల్లో సన్నని నొప్పి.
• కొందరిలో రొమ్ములు ఉబ్బడం, నొప్పి పుట్టడం.

ఒకటి కొంచెం పెద్దగా, కిందికి ఉండటం మామూలే. వెనక మెత్తగా తగిలే గొట్టం కూడా సహజమే. హఠాత్తుగా భరించలేని నొప్పి వస్తే మాత్రం అది మెలిపడటం కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

గడ్డ కనిపిస్తే ప్రైమరీ కేర్ డాక్టర్ అల్ట్రాసౌండ్, రక్తపరీక్షలు రాస్తారు. మన ప్రెగ్నెన్సీ టెస్టులో చూసే హెచ్‌సీజీ కూడా అందులో ఒకటి! క్యాన్సర్ వృషణం దాటకముందే దొరికితే ఐదేళ్ల తర్వాత కూడా బతికి ఉండేవాళ్లు దాదాపు 99 శాతం. ఒక వృషణం తీసేసినా రెండోది బాగుంటే సాధారణంగా పిల్లలు పుడతారు. కీమోకి ముందు వీర్యం దాచుకునే వీలూ ఉంది.

లక్షణాలు లేనివాళ్లకు ప్రత్యేకంగా పరీక్షలు అక్కర్లేదని ఇక్కడి ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2011లోనే చెప్పింది. కాబట్టి కంగారు వద్దు. లక్షణం కనిపించాక వాయిదా మాత్రం వద్దు.

అమ్మలకు ఒక్క మాట. పుట్టినప్పుడు వృషణం కిందికి దిగని పిల్లలకు ఈ ముప్పు ఎక్కువ. చిన్నప్పుడు ఇండియాలో ఆపరేషన్ చేయించి ఉంటే, ఆ సంగతి ఇక్కడి రికార్డుల్లో ఉండకపోవచ్చు, మీ అబ్బాయికి తెలియకపోవచ్చు. పద్దెనిమిది నిండాక డాక్టర్ గదిలోకి వాడొక్కడే వెళ్తాడు. కాలేజీకి పంపే ముందే ఆ విషయం చెప్పండి. మీకు ఇబ్బందైతే వాళ్ల నాన్నతో చెప్పించండి.