డబ్బా దాచితే జనం వస్తారు!

చిన్న అడవి ముక్క, చెరువు గట్టు లాంటి చోట్లకు ఎవరూ పనిగట్టుకుని వెళ్లరు. అక్కడికి జనాన్ని రప్పించే ఆటే జియోక్యాచింగ్. మామూలు జనం వాడే జీపీఎస్ సిగ్నల్ కచ్చితంగా రాకుండా పెట్టిన అడ్డును అమెరికా ప్రభుత్వం 2000 మే 2న తీసేసింది. మర్నాడే ఒరెగాన్‌లో డేవ్ అల్మర్ ఒక బకెట్ దాచి, అదెక్కడుందో జీపీఎస్ అంకెలను ఇంటర్నెట్‌లో పెట్టారు.

ఇప్పుడు ఫోన్ ఉంటే చాలు. డబ్బా వెతికి, లోపలి పుస్తకంలో పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టేయాలి.

దాచేవాళ్లకే బాధ్యత ఎక్కువ. జాగా యజమాని అనుమతి తప్పనిసరి. నేల తవ్వొద్దు, తినే వస్తువులు పెట్టొద్దు. పక్షుల గూళ్లకు దూరంగా, కాలిబాట పక్కనే దాచాలి. లేదంటే వెతికేవాళ్ల కాళ్ల కింద మొక్కలు నలిగిపోతాయి. మనం జనాన్ని రమ్మన్నది వాటిని చూడటానికే కదా!