బీఈడీ చదివి రెండెకరాల సాగు: ఉద్యోగం వేటలో ఏడేళ్లు, నా లెక్కల పుస్తకం

పై వీడియోలో కనిపించే వరి, గట్టు మీద కంది మాదేనండి. వీడియోలో పంట గురించి చెప్పాను. కానీ ఫోన్ చేసేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "బీఈడీ చదివారు కదా, ఉద్యోగం రాలేదా?" అని. అందుకే ఇది రాస్తున్నాను.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి మా డెల్టా అన్నపూర్ణే. అయినా 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు గిట్టుబాటు కావట్లేదని పంట విరామం ప్రకటించారు. అది కళ్లారా చూసిన మా నాన్నగారు "ఈ బురద నీకొద్దురా" అని నన్ను చదివించారు. మా వైపు ఉద్యోగం అంటే గవర్నమెంటు ఉద్యోగమే.

2018 డీఎస్సీ రాశాను, రాలేదు. 2019లో సచివాలయం పోస్టులు పడ్డాయి. 1.26 లక్షల పైచిలుకు ఉద్యోగాలకు 20 లక్షలకు పైగా దరఖాస్తులు. అదీ పోయింది. మళ్లీ డీఎస్సీ కోసం ఎదురుచూపులు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, ప్రభుత్వం మారాక రద్దయింది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. రాసినవాళ్లు 3 లక్షలు దాటారు. ఈ ఏడేళ్లలో నా ఆశ టీచర్ పోస్టు నుంచి "ఏదో ఒకటి దొరికితే చాలు" దాకా దిగిపోయింది. ఒక ప్రైవేటు స్కూల్లో నెలకు 9 వేలకు చేశాను, వేసవి రెండు నెలలూ జీతం లేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం ఇప్పిస్తామని ఒకరు డిపాజిట్ అడిగితే దణ్ణం పెట్టి వచ్చేశాను.

సాగు మొదలుపెట్టి మూడేళ్లయింది. ఒక ఎకరం సొంతం, ఒక ఎకరం కౌలు. ఎకరానికి 10 కేజీల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కేజీల బెల్లం, 2 కేజీల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి, 200 లీటర్ల నీళ్లు. జీవామృతం మీకు తెలిసిందే. మొదటి సార్వాకి దిగుబడి తగ్గింది, అది దాచను. ఇప్పుడు ఎకరానికి 24 బస్తాలు (75 కేజీలవి) వస్తున్నాయి.

2025 సార్వా లెక్క ఇదీ. 12 బస్తాలు మద్దతు ధరకి, అంటే క్వింటాలు 2,369 చొప్పున 21 వేలు. మిగతా 12 బస్తాలు మరపట్టిస్తే 540 కేజీల బియ్యం, కేజీ 60 చొప్పున 32 వేలు. ఖర్చు 20 వేలు పోను సొంత ఎకరంలో 33 వేలు మిగిలాయి. కౌలు ఎకరంలో 12 బస్తాలు మక్తా పోతే మిగిలింది 12 వేలే. దాళ్వా కూడా కలిపితే ఇంచుమించు ఆ స్కూలు జీతమే. పైగా నా కూలి ఇందులో వేసుకోలేదు. ప్రకృతి సాగులోకి వస్తే లక్షలు అని ఎవరైనా చెబితే ముందు వాళ్ల లెక్కల పుస్తకం అడగండి.

అసలు ఇబ్బంది కౌలు దగ్గరుంది. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కార్డు రావాలంటే 11 నెలల ఒప్పందం మీద భూమి యజమాని సంతకం పెట్టాలి. మా వైపు చాలామంది పెట్టరు. కార్డు లేకపోతే బ్యాంకు లోను దగ్గరే ఆగిపోతాం. మూడేళ్లు ఘనజీవామృతం వేసి బాగుచేసిన నేలని "వచ్చే ఏడు వేరేవాళ్లకి ఇస్తాం" అంటే ఏం చేస్తాం? అందుకే కౌలుకి తీసుకునేటప్పుడే పెద్దమనుషుల ముందు కనీసం మూడేళ్ల మాట తీసుకోండి. చెట్లు, శాశ్వత పనులు సొంత నేలలోనే పెట్టుకోండి.

చదువుకున్న పిల్లలకి ఈ రంగంలోనూ పనులున్నాయి. రైతు సాధికార సంస్థ 2016 నుంచి రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం నడిపిస్తోంది. బాగా సాగు చేసే రైతులనే ఊళ్లో శిక్షకులుగా తీసుకుంటుంది. అగ్రికల్చర్ డిగ్రీ ఉన్నవాళ్లని ఫెలోలుగా తీసుకుంది. కషాయాలు, ఘనజీవామృతం తయారుచేసి అమ్మే దుకాణం పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఇవి పర్మనెంటు గవర్నమెంటు పోస్టులు కావు, ఆ సంగతి తెలుసుకునే దిగాలి.

తల్లిదండ్రులకి నా మాట ఒకటే. కోచింగ్ మాన్పించి పిల్లల్ని ఒక్కసారిగా పొలంలోకి దించకండి. అర ఎకరం వాళ్ల చేతికిచ్చి, ఖర్చు, రాబడి వాళ్లతోనే రాయించండి. మళ్లీ డీఎస్సీ పడితే నేనూ రాస్తాను. కానీ దానికోసం నాట్లు ఆపను.

మీ ఊళ్లో కౌలు ఎన్ని బస్తాలు, యజమానులు సంతకం పెడుతున్నారా? వీడియో కింద రాయండి. అందరం ఒకరి లెక్క ఒకరం చూసుకుంటే కొత్తగా వచ్చేవాళ్లకి దారి తెలుస్తుంది.