మీటరు కూడా త్రాసే

నెల మొదటి వారం వచ్చిందంటే హైదరాబాద్‌లోని అద్దె ఇళ్లలో ఒక చీటీ చేతులు మారుతుంది. అద్దె ఇంత, కరెంటు ఇంత, నీళ్లు ఇంత అని అందులో రాసి ఉంటుంది. అసలు బిల్లు మాత్రం కనిపించదు. అడిగితే ఓనరుకు కోపం, అడగకపోతే అద్దెదారుకు అనుమానం. రోజూ మెట్ల మీద సలాం చెప్పుకునే ఇద్దరి మనసులు వందా రెండొందల దగ్గర విరిగిపోతుంటాయి.

ఇది చిన్న విషయమని అనుకుంటాం. కాని దివ్య ఖుర్ఆన్ దీనిని చిన్న విషయంగా చూడలేదు. 83వ సూరా పేరే 'ముతఫ్ఫిఫీన్', అంటే కొలతల్లో మోసం చేసేవారు. తమకు రావలసింది నిండుగా కొలిపించుకొని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశం తప్పదని ఆ సూరా ప్రారంభంలోనే హెచ్చరిక ఉంది. హజ్రత్ షుఐబ్ (అలైహి) మద్యన్ ప్రజలకు అల్లాహ్‌నే ఆరాధించమని చెప్పి, ఆ వెంటనే కొలతలు, తూనికలు సరిగా ఉంచమని బోధించారు. నాడు ధాన్యానికి త్రాసు ఉండేది. నేడు కరెంటుకు, నీటికి మీటరే త్రాసు.

మరి న్యాయమైన లెక్క ఎలా ఉంటుంది? ఇళ్ల కరెంటు చార్జీలు శ్లాబుల పద్ధతిలో ఉంటాయి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. మూడు పోర్షన్లకు ఒకే మెయిన్ మీటరు ఉంటే అందరి వాడకమూ కలిసి పై శ్లాబుకు చేరుతుంది. అందువల్ల ఓనరు తన ఇష్టప్రకారం ఒక ధర చెప్పకుండా, మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగించాలి.

ఉదాహరణకు మెయిన్ మీటరులో 300 యూనిట్లు, బిల్లు 2,100 రూపాయలు అనుకుందాం. యూనిట్‌కు 7 రూపాయలు పడింది. సబ్ మీటర్లలో 80, 100, 90 యూనిట్లు ఉన్నాయి. మిగిలిన 30 యూనిట్లు నీళ్ల మోటారు, మెట్ల లైటువి. వాటి ఖర్చు 210 రూపాయలు, ఇంటికి 70 చొప్పున పడుతుంది. అప్పుడు ఒకరు 630, ఒకరు 770, ఒకరు 700 కడతారు. సరిగ్గా 2,100 అవుతుంది. అలాకాక బిల్లు పేరు చెప్పి యూనిట్‌కు 10 వసూలు చేస్తే, 900 రూపాయలు ఎవరి హక్కు?

నీటి సంగతీ అంతే. బోరు, మోటారు, ట్యాంకరు ఖర్చు పెట్టి తెచ్చిన నీటికి ఆ ఖర్చు తీసుకోవడంలో తప్పు లేదు. కాని హైదరాబాద్ జలమండలి 2021 జనవరిలో ఇళ్లకు నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం ప్రారంభించింది. సున్నా బిల్లు వచ్చిన నెలలో కూడా 'జలమండలి బిల్లు' అని డబ్బు తీసుకుంటే అది అబద్ధమే అవుతుంది. మదీనాలోని రూమా బావిని హజ్రత్ ఉస్మాన్ (రజి) సొంత డబ్బుతో కొని, తన బొక్కెనకూ ఇతరుల బొక్కెనకూ తేడా లేకుండా అందరికీ వదిలేశారు. అంత త్యాగం చేయలేకపోయినా, లేని బిల్లు రాయకుండా ఉండగలం కదా!

అద్దెదారుకూ బాధ్యత ఉంది. దైవప్రవక్త (స) ఒక 'ముద్', అంటే దోసెడు నీటితో వుజూ చేసేవారు. మనం మాత్రం కుళాయి తిప్పి వదిలేసి మాట్లాడుతూ వుజూ చేస్తాం. నీటి ఖర్చు అందరికీ సమానంగా పంచే భవనంలో వృథాగా పోయిన ప్రతి బకెట్ పొరుగువారి జేబులోంచి పోయినట్టే. వచ్చే చుట్టాల సంఖ్య దాచడం, సబ్ మీటరు తప్పించి వైరు లాగడం కూడా ముతఫ్ఫిఫీన్ లక్షణాలే.

ఒకసారి దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. అలాగైతే జనానికి కనిపించేలా తడిసిన ధాన్యం పైనే ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవాడు మనవాడు కాదని హెచ్చరించారు. అద్దె ఇంట్లో 'పైన పెట్టడం' అంటే బిల్లును అందరికీ కనిపించేలా గోడకు అంటించడమే.

ఇంట్లో చేరేనాడే లెక్క పద్ధతిని కాగితం మీద రాసుకోండి. అప్పు వ్యవహారాలను రాసుకోమని అల్ బఖర సూరా 282వ ఆయత్ ఆదేశిస్తోంది. ప్రతి నెలా రీడింగు ఇద్దరూ కలిసి చూడండి. రసీదు ఇవ్వండి, అడిగి తీసుకోండి. లెక్క అడిగితే అవమానంగా భావించకండి. ఇక్కడ లెక్క చూపడానికి ఇబ్బంది పడేవాడు రేపు అల్లాహ్ సన్నిధిలో పైసాపైసా లెక్క ఎలా చూపగలడు?

అల్లాహ్ మనందరికీ హలాల్ సంపాదన, నిర్మలమైన లెక్క ప్రసాదించుగాక. ఆమీన్.