మరణించిన సైనికునికి సంతానమా?



సైన్యంలో కుమారుడున్న ఒక తల్లి ఉత్తరం వ్రాశారు. "ఇశ్రాయేలులో యుద్ధంలో చనిపోయిన సైనికుల వీర్యం తీసి దాస్తున్నారట. ఇది దేవునికి సమ్మతమేనా అయ్యగారూ?" అని అడిగారు. పాపమని ఒక్క మాటతో తేల్చివేయడం సులువే. ఆ ప్రశ్న వెనుక ఉన్న భయం మాత్రం అలా తీరదు.

మనిషి చనిపోయాక కూడా వీర్యకణాలు కొంతసేపు సజీవంగా ఉంటాయి. 24 గంటలలోపు తీస్తే మేలని, 72 గంటలు దాటితే ఆశ తక్కువని వైద్యులంటారు. ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల చలిలో వాటిని భద్రపరుస్తారు. ఇశ్రాయేలులో 2003 నుండి భార్య కోరితే తీసేవారు. తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లవలసి వచ్చేది. 2023 అక్టోబరు 7 దాడి తరువాత, తీయడం వరకు ఈ నిబంధన సడలించారు. 2002లో గాజాలో మరణించిన ఒక అవివాహిత సైనికుని విషయంలో, అతడు ఎన్నడూ ఎరుగని స్త్రీ అతని బిడ్డను కనడానికి 2007లో కోర్టు అనుమతించింది. ఉక్రెయిన్‌లో సైనికుడు బ్రతికుండగానే తన వీర్యం దాచుకోవచ్చు. అతడు మరణించినా మూడేళ్లపాటు ఉచితంగా భద్రపరచేలా 2024లో చట్టం సవరించారు.

ఉక్రెయిన్ సైనికుడు తన మాట తానే చెప్పాడు. గాజాలో పడిపోయినవాని మాట ఇతరులు చెప్పారు. నన్ను కలవరపెట్టేది ఇదే.

ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయంలో చనిపోయిన సహోదరుని పేరు నిలుపుమని లేదా అని కొందరంటారు. ఉంది. అయితే అక్కడ బిడ్డను ఎత్తుకోవడానికి ఇంట్లో సజీవుడైన తండ్రి ఉన్నాడు. ఇష్టం లేకపోతే కాదనే వీలు ఆ సహోదరునికి ఉంది, అవమానం పాలైనా సరే. మృతుడు కాదనలేడు. అదే గ్రంథం 20:7 చూడండి. ప్రధానం చేసుకొని ఇంకా పెండ్లాడనివాడు యుద్ధంలో చావకుండునట్లు ఇంటికి పంపుమన్నారు. సైనికుని ఇంటిని దేవుడు అతడు బ్రతికుండగానే తలంచాడు.

కుమారుడు లేని అబ్షాలోము తన పేరు నిలవాలని స్తంభం నిలువబెట్టుకున్నాడు (2 సమూయేలు 18:18). పుట్టబోయే బిడ్డ అలాంటి స్తంభం కాకూడదు. తాతమ్మల కన్నీరు తుడవడానికే పుట్టించిన బిడ్డ మీద ఎంత బరువు పడుతుందో ఆలోచించండి.

అమ్మా, మీ అబ్బాయి సెలవు మీద వచ్చినప్పుడు ఈ సంగతి అతనినే అడగండి. పెండ్లయితే కోడలి ఎదుటనే అడగండి. వద్దంటే మరల ఎత్తకండి. జవాబు ఏదైనా మాకు వ్రాయండి, అతని పేరు చెప్పి ప్రార్థిస్తాము.