ఎండాకాలంలో ప్యానెల్ ఎందుకు డీలా పడుతుంది?

"మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. మిట్టమధ్యాహ్నం కూడా ఇన్వర్టర్ 2.4 దాటి చూపించదు. మార్చిలో వచ్చినంత కూడా మే నెలలో రాలేదు. మమ్మల్ని మోసం చేశారా?" బెజవాడ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరమిది.

మోసం కాదమ్మా. ప్యానెల్‌కి కావలసింది వెలుగు. వేడి దానికి గిట్టదు. నీళ్లు కాచే సోలార్ హీటరుతో కలిపి చూడటం వల్లే చాలామంది ఇక్కడ పొరబడతారు. 1954లో బెల్ ల్యాబ్స్‌లో చేపిన్, ఫుల్లర్, పియర్సన్ చేసి చూపిన సిలికాన్ సెల్ తన మీద పడ్డ వెలుగులో 6 శాతాన్ని కరెంటుగా మార్చింది. ఇప్పటివి 20 దాటాయి. వేడి దగ్గర మాత్రం సిలికాన్ గుణం మారలేదు.

సెల్‌లో రెండు రకాల సిలికాన్ పొరలు కలిసే చోటును చెరువు కట్ట అనుకోండి. వెలుగు పడితే ఎలక్ట్రాన్లు విడివడి కట్టకు ఒక పక్కన చేరతాయి, చెరువు నిండినట్టు. ఆ నీటిమట్టమే వోల్టేజీ. ఏ కట్టకైనా కొంత ఊట తప్పదు. కొన్ని ఎలక్ట్రాన్లు అవతలికి జారిపోతూనే ఉంటాయి. చేరేదీ జారేదీ సమానమైన చోట మట్టం నిలుస్తుంది. ఇప్పుడు సెల్ వేడెక్కిందనుకోండి. చెరువులోకి వచ్చేది ఇంచుమించు అంతే, కాస్త పెరుగుతుంది కూడా. ఊట మాత్రం రెట్లకు రెట్లు పెరుగుతుంది, ఎందుకంటే వేడికి వాటంతట అవే విడివడే ఎలక్ట్రాన్లు ఎక్కువవుతాయి. మట్టం దిగిపోతుంది. ఒక్క డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు! సెల్ మొత్తం వోల్టేజీయే 0.6, 0.7.

ప్యానెల్ వెనక రాసి ఉండే వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. మే నెలలో గాలి 42 ఉంటే సెల్ 70 దాకా పోతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున 45 డిగ్రీలకు దాదాపు 16 శాతం కోత. మీ 3 కిలోవాట్లు రెండున్నరయ్యాయి. దుమ్ము, ఇన్వర్టర్ తినేది పోతే 2.4 సరిపోయింది.

మా మేడ మీద దీన్ని కళ్లారా చూశాను. జూన్‌లో వాన వెలిశాక ప్యానెల్ అడుగున చెయ్యి పెడితే చల్లగా తగిలింది. మబ్బు తొలగి ఎండ కాసిందో లేదో, ఇన్వర్టర్ అంకె మే నెలంతా ఎక్కని చోటికి ఎక్కింది. ఆనందం పట్టలేక ఇంట్లోవాళ్లందర్నీ పైకి పిలిచాను. అందుకే ప్యానెళ్లను గాలాడకుండా రేకులకు అతికించినట్టు బిగించేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. జానెడు సందు వదిలితే ఏం పోయింది?

ఇక డబ్బు సంగతి. కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లే వేసుకోండి. మీకు ఏడాదికి దాదాపు 4,380. కోటేషన్ 2 లక్షలనుకుంటే, పీఎం సూర్యఘర్ రాయితీ 78,000 పోను 1,22,000. యూనిట్‌కు 6 రూపాయలు మిగిలినా ఐదేళ్లలోపే అసలు చేతికొస్తుంది. అయితే సోలార్ ముందుగా తగ్గించేది బిల్లులో ఖరీదైన పై స్లాబు యూనిట్లను. ఏసీలు నడిచే ఇంటికి అందుకే గిట్టుబాటు. రెండు ఫ్యాన్ల ఇంటికీ, తెలంగాణలో గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇంటికీ పెద్దగా మిగిలేది లేదు. పోయిన ఏడాది పన్నెండు బిల్లులూ ముందేసుకుని, పై స్లాబులో ఎన్ని యూనిట్లు పడ్డాయో లెక్క తీయండమ్మా.