మాంగా బొమ్మలు గీయాలంటే ఏమేం కొనాలి?

ప్రియమైన తమ్ముళ్లకు,

హాస్టల్ టీవీలో డోరేమాన్ వస్తే అన్నం పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయిన రోజులు నాకింకా గుర్తు. ఆ డోరేమాన్ జపాన్ పత్రికల్లో వచ్చిన బొమ్మల కథ. అలాంటి కథలనే మాంగా అంటారు. పెద్ద కళ్లు, మొనదేలిన జుట్టు ఉండే ఆ బొమ్మలు మీలో చాలామంది నోట్సుల చివరి పేజీల్లో గీస్తుంటారు. వాటికి ఏ సామాన్లు కావాలో నాకు తెలిసినంత చెబుతాను.

ముందు నేను చేసిన తప్పు. తొమ్మిదో తరగతిలో అమ్మ ఇచ్చిన ఒకరోజు కూలి డబ్బుతో 24 రంగుల స్కెచ్ పెన్నుల డబ్బా కొన్నాను. రంగు కాగితం వెనక్కి దిగి సైన్సు నోట్సు పాడైంది. నెలకే సగం పెన్నులు ఎండిపోయాయి. డబ్బా ట్రంకు పెట్టెలో దాచేసి, బొమ్మలు డబ్బున్నవాళ్లకేలే అనుకుని రెండేళ్లు గీయడం మానేశాను.

నిజానికి మాంగా ఎక్కువగా నలుపు తెలుపుల్లోనే అచ్చవుతుంది. 1952లో ‘ఆస్ట్రో బాయ్’ కథను మొదలుపెట్టిన ఒసాము తెజుకా కూడా కాగితం మీద నల్ల సిరాతోనే గీశారు. కాబట్టి మనకు కావలసినవి నాలుగే.

1. పెన్సిలు: హెచ్ అంటే గట్టిది, గీత లేతగా పడుతుంది. బి అంటే మెత్తనిది, గీత నల్లగా పడుతుంది. హెచ్‌బి ఈ రెంటికీ మధ్యది. మన దగ్గరుండే హెచ్‌బి చాలు. గట్టిగా నొక్కకండి. నొక్కితే చెరిపినా కాగితం మీద గాడి మిగిలిపోతుంది.

2. రబ్బరు: తెల్లగా, మెత్తగా ఉండాలి. పెన్ను వెనకుండే గట్టి రబ్బరు కాగితాన్ని గీకేస్తుంది.

3. కాగితం: కట్ట మీద జీఎస్‌ఎం అని అంకె ఉంటుంది. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో ఆ అంకె చెబుతుంది. సాధనకు 75 జీఎస్‌ఎం జిరాక్సు కాగితం, ఒకవైపు వాడేసినదైనా సరే. మంచి బొమ్మకు మాత్రం దళసరి డ్రాయింగ్ షీటు కొని నాలుగు ముక్కలు చేసుకోండి. జపాన్‌లో పేజీని పెద్దగా గీసి, అచ్చులో చిన్నది చేస్తారు. మీరూ ముఖాన్ని కనీసం అరచేయంత గీయండి. కళ్లు సరిగ్గా కుదురుతాయి.

4. నల్ల పెన్ను: అక్కడివాళ్లు సిరాలో ముంచి రాసే జి-పెన్ అనే పాళీ వాడతారు. దానికి చేయి బాగా అలవాటు పడాలి. మొదట సన్న మొన ఉన్న నల్ల పెన్ను ఒకటి తీసుకోండి. కొనేముందు షాపులోనే గీత గీసి, ఒక నిమిషం ఆగి, తడి వేలితో రుద్ది చూడండి. అలుక్కుపోతే వద్దు. సిరా పూర్తిగా ఆరాకే పెన్సిలు గీతలు చెరపండి.

నీడల కోసం వాళ్లు చుక్కలున్న టోన్ షీట్లు కోసి అంటిస్తారు. మనం అదే పెన్నుతో దగ్గరదగ్గరగా సన్న గీతలు గీస్తే సరిపోతుంది. ఖరీదైన మార్కర్ల జోలికి ఇప్పుడే పోవద్దు. వాటి సిరా పలుచని కాగితం వెనక్కి దిగుతుంది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఏది కొనాలో, ఏది అక్కర్లేదో చెప్పే అన్న నాకు లేడు. అందుకే ఇదంతా రాశాను. ఇంటి నుంచి వచ్చిన డబ్బు ముందు చదువుకే ఖర్చు పెట్టండి. మిగిలిన చిల్లరతో ఒక పెన్సిలు, ఒక పెన్ను కొనుక్కోండి. స్టడీ అవర్ అయ్యాక రోజుకో ముఖం గీసి కింద తేదీ వేయండి. వచ్చే వార్షికోత్సవానికి మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా మీకే తెలుస్తుంది.

ఈ సంచిక అట్టపై బొమ్మ వచ్చే ఏడు మీలో ఒకరు గీయాలని కోరుకుంటూ,

మీ పూర్వ విద్యార్థి