పేడకు ప్రభుత్వ సొమ్ము: దరఖాస్తుకు ముందు వేసుకోవలసిన లెక్క

మన సంఘాలలో పాలకు లెక్క ఉన్నది. పూటకు ఎన్ని లీటర్లు పోసినదీ, వెన్న శాతం ఎంత వచ్చినదీ, పదిహేను రోజులకు ఎంత పైకము రావలసినదీ సభ్యుని పుస్తకంలో కనబడుతుంది. అదే పశువు వేసే పేడకు మాత్రం ఏ పుస్తకంలోను పద్దు లేదు. ఆవు రోజుకు సుమారు 10 కిలోలు, గేదె సుమారు 15 కిలోలు పేడ వేస్తుంది. 200 గేదెలున్న గ్రామంలో ఇది రోజుకు 3 టన్నులు. ఇందులో కొంత పిడకలకు, కొంత పెంటకుప్పకు పోగా, మిగిలినది వాన కురిసిన రోజున వీధి కాలువలో కలిసి చెరువుకు చేరుతుంది.

ఈ పేడ నుండి గ్యాసు, ఎరువు తయారు చేయుటకు ప్రభుత్వాలు కొన్ని సంవత్సరాలుగా సొమ్ము ఇస్తున్నవి. మేము తనిఖీకి వెళ్లినచోట్ల సభ్యులు అడిగే మొదటి ప్రశ్న "మన సంఘానికి ఎంత వస్తుందండీ?" అని. అది అడగవలసిన ప్రశ్నే. కాని దానికంటె ముందు అడగవలసినది మరొకటి కలదు. ఆ సొమ్ము దేనికి ఇస్తారు, దేనికి ఇవ్వరు? ఈ తేడా తెలియక కట్టిన ప్లాంట్లు ఎన్నో గ్రామాలలో మూలపడి ఉన్నవి.

పెంటకుప్ప వలన నష్టం

గాలి ఆడని పెంటకుప్ప అడుగున పేడ కుళ్లి మీథేను వాయువు పుడుతుంది. గోబర్ గ్యాసులో మండేది కూడా ఈ మీథేనే. అది మండకుండా ఊరక గాలిలో కలిస్తే, నూరు సంవత్సరాల లెక్కలో బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. పెంటలోని నత్రజని వాననీటితో నేలలోకి దిగి బావి నీటిలో నైట్రేటుగా తేలుతుంది. తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణం. మించిన నీటితో పాలు కలిపి పట్టితే చంటిబిడ్డలకు ప్రమాదం. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి డెయిరీ ఫారాలకు, గోశాలలకు మార్గదర్శకాలు ఇచ్చి, పేడను కాలువలలోకి, చెరువులలోకి వదలరాదని చెప్పినది.

పేడను మూసిన గొయ్యిలో కుళ్లబెట్టి, వచ్చిన గ్యాసును పొయ్యిలో మండించి, మిగిలిన స్లర్రీని పొలానికి వేసినట్లయితే ఈ నష్టాలు చాలావరకు తగ్గుతవి. వంటింట్లో పొగ తగ్గుతుంది. ఎరువుల ఖర్చులో కొంత మిగులుతుంది. ఈ పనికి ప్రజల సొమ్ము ఖర్చు పెట్టుటకు కారణం ఇదే. లాభం ఒక్క ఇంటికే కాక ఊరి బావికి, చెరువుకు కూడా చెందుతుంది.

సొమ్ము వచ్చే మూడు దారులు

మొదటిది ఇంటి ప్లాంటుకు. 1981-82లో జాతీయ స్థాయిలో గోబర్ గ్యాసు పథకం మొదలైనది. అప్పటి నుండి ఏదో ఒక పేరుతో ఇంటి ప్లాంటుకు సబ్సిడీ వస్తున్నది. 2021-22 నుండి 2025-26 వరకు ఉద్దేశించిన జాతీయ జీవ ఇంధన పథకంలో ప్లాంటు పరిమాణమును బట్టి రూ. 9,800 నుండి రూ. 70,400 వరకు కేంద్ర సహాయం నిర్ణయించినారు.

రెండవది ఊరుమ్మడి ప్లాంటుకు. 2018లో గోబర్ధన్ పథకం వచ్చినది. స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ రెండవ దశలో ఇటువంటి ప్లాంట్లకు జిల్లాకు రూ. 50 లక్షల వరకు కేటాయించుటకు వీలు కల్పించినారు.

మూడవది యూనియన్ల వంటి పెద్ద సంస్థలకు. 2020లో ఏర్పడిన పశుసంవర్ధక మౌలిక సదుపాయాల నిధి క్రింద బ్యాంకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఇచ్చినారు. 2023-24 కేంద్ర బడ్జెటులో గోబర్ధన్ క్రింద 500 కొత్త ప్లాంట్లను, మొత్తం రూ. 10,000 కోట్ల పెట్టుబడితో ప్రకటించినారు. అదే సంవత్సరం, ఇటువంటి ప్లాంట్ల నుండి వచ్చే సేంద్రియ ఎరువు అమ్మకంపై టన్నుకు రూ. 1,500 సహాయం 2025-26 వరకు మంజూరు చేసినారు.

ప్రతి పథకానికి ఒక గడువు ఉన్నదని సభ్యులు గమనించవలెను. గడువు మారవచ్చును, రేటు మారవచ్చును. ఎవరో చెప్పిన మాట మీద గొయ్యి తవ్వించరాదు. ఆంధ్రప్రదేశ్‌లో నెడ్‌క్యాప్ జిల్లా కార్యాలయంలో, తెలంగాణలో రెడ్‌కో కార్యాలయంలో ఈ సంవత్సరపు ఉత్తర్వు చూసి, మంజూరు కాగితం చేతికి వచ్చిన తరువాతనే పని మొదలుపెట్టవలెను.

ఇక అసలు విషయం. ఈ సొమ్ములో అధిక భాగం సిమెంటుకు, ఇటుకకు, డ్రమ్ముకు, యంత్రానికి, బ్యాంకు వడ్డీకి పోతుంది. ప్రతి ఉదయం పేడ ఎత్తి నీళ్లు కలిపే చేతులకు ఇందులో పైసా లేదు. ఎరువుపై ఇచ్చే సహాయం కూడా ఎరువు తయారై అమ్ముడుపోయిన తరువాత వచ్చేదే. కట్టించుటకు ప్రభుత్వం సాయపడుతుంది. నడిపించవలసినది మనము.

పాత ప్లాంట్లు ఎందుకు ఆగినవి

మేము చూసిన మూలపడిన ప్లాంట్లలో కారణాలు ఇంచుమించు ఒక్కటే. నాలుగు పశువులు ఉన్నపుడు కట్టినారు, తరువాత రెండు అమ్మినారు. లేదా పశువులు ఉన్నవి కాని పగలంతా మేతకు పోతవి, సగం పేడ బీడులోనే పడుతుంది. ఇనుప డ్రమ్ముకు రంగు వేయక తుప్పు పట్టినది. బయటి తొట్టి నిండినపుడు స్లర్రీ తీసేవారు లేక, దానిని కాలువలోకి వదిలినారు. ఇది చివరికి కాలుష్యమును పెంటకుప్ప నుండి కాలువకు మార్చినట్లే అయినది.

కనుక ప్లాంటు పరిమాణమును పశువుల సంఖ్యను బట్టి గాక, కొట్టములో చేతికి దొరికే పేడను బట్టి నిర్ణయించుకొనవలెను. లెక్క ఈ విధముగా ఉండును.

ఒక సభ్యునికి రెండు గేదెలు, రెండు ఆవులు ఉన్నవనుకొందాము. మొత్తం పేడ రోజుకు 50 కిలోలు. 25 కిలోల పేడకు సుమారు ఒక ఘనపు మీటరు గ్యాసు వస్తుంది. అనగా 2 ఘనపు మీటర్ల ప్లాంటు చాలును. ఒక ఘనపు మీటరు గ్యాసు సుమారు 0.43 కిలో వంటగ్యాసుకు సమానము. 50 కిలోల పేడ రోజూ పడి, వచ్చిన గ్యాసంతా వాడుకొన్నట్లయితే 14.2 కిలోల సిలిండరు ఒకటి దాదాపు 16 రోజులకు ఆదా అగును. కాని ఆ పశువులు పగలు మేతకు పోయి సగం పేడే కొట్టములో దొరికితే, అదే 2 ఘనపు మీటర్ల ప్లాంటు ఎప్పుడూ అరకొరగానే మండుతుంది. ఆ ఇంటికి ఒక ఘనపు మీటరు ప్లాంటే సరి.

నీటి లెక్క కూడా చూడవలెను. పేడకు సమానంగా నీరు కలపవలెను. 50 కిలోల పేడకు 50 లీటర్ల నీరు పోసినపుడు రోజుకు దాదాపు 100 లీటర్ల స్లర్రీ బయటికి వస్తుంది. దానిని నిలువ చేయుటకు గుంట, మోయుటకు బండి, వేయుటకు పొలము ఉన్నవా? లేనివారు కొనేవారిని ముందుగా చూసుకొనవలెను.

మూడుచోట్ల జరిగినది

గుజరాత్‌లో ఆనంద్ జిల్లా జకారియాపురా గ్రామంలో జాతీయ డెయిరీ అభివృద్ధి మండలి పాడి కుటుంబాలకు ఇంటింటా చిన్న గ్యాసు ప్లాంట్లు పెట్టించినది. గ్యాసు వంటకు వాడుకొని, తమ పొలానికి పోగా మిగిలిన స్లర్రీని అక్కడి మహిళల ఎరువుల సహకార సంఘానికి అమ్ముతారు. సంఘం దానిని ఎరువుగా తయారు చేయిస్తుంది. స్లర్రీకి ధర ఉన్నచోట దానిని కాలువలోకి వదిలేవారు ఉండరు. ఈ పనిని విస్తరించుటకు మండలి 2022 జూలైలో ఎన్.డి.డి.బి. మృద అనే సంస్థను ప్రారంభించినది.

అదే రాష్ట్రంలో బనాస్ డెయిరీ దామా గ్రామంలో రోజుకు 40 టన్నుల పేడ పట్టే ప్లాంటు నెలకొల్పి, వచ్చిన గ్యాసును శుద్ధి చేసి వాహనాల ఇంధనంగా అమ్ముతున్నది. 40 టన్నులంటే 4,000 ఆవుల పేడ. ఇది గ్రామ సంఘం తలకెత్తుకొనే పని కాదు, యూనియన్ స్థాయి పని. పాల వ్యాను మాదిరి పేడ బండి కూడా ప్రతిరోజు వేళకు తిరగవలెను.

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020 జూలైలో కిలో 2 రూపాయల చొప్పున పేడ కొనుట ప్రారంభించినది. పశువులున్న బీదవారికి చేతిలో డబ్బు పడినది. 2023 చివరలో ప్రభుత్వం మారిన తరువాత ఆ కొనుగోలు ఆగిపోయినది. ఇందులోని మంచి చెడులు నిర్ణయించుట మా ఉద్దేశము కాదు. కొనేది ఖజానా ఒక్కటే అయినచోట ఖజానా ఆగితే పని ఆగును. గ్యాసు వాడేవారు, ఎరువు కొనేవారు ఊరిలోనే ఉన్నచోట పథకము గడువు తీరినా పొయ్యి మండును.

ప్రాణరక్షణ

గోబర్ గ్యాసు ప్లాంటు గొయ్యిలోకి ఎట్టి పరిస్థితులలోను దిగరాదు. లోపల ప్రాణవాయువు ఉండదు. కుళ్లిన గుడ్ల వాసన గల విషవాయువు కొద్దిగానే ఉన్నా మనిషిని పడవేయగలదు. ఒకరు పడిపోయినపుడు రక్షించుటకు దిగినవారు కూడా అక్కడే పడిపోవుదురు. పూడిక తీయవలసి వచ్చినచో కట్టిన సంస్థవారిని తగిన సాధనాలతో పిలిపించవలెను. పైపు కారుచున్నదేమో సబ్బు నీళ్లతో చూడవలెను, అగ్గిపుల్లతో చూడరాదు. పిల్లలు పడకుండ బయటి తొట్టిపై మూత ఉండవలెను.

సంఘము చేయవలసిన పని

ముందు ఒక నెల రోజులు పేడకు పద్దు వ్రాయవలెను. ఇరవై ఇళ్లను ఎంచుకొని, కొట్టములో దొరికిన పేడను వారానికి రెండు రోజులు తూకం వేసి వ్రాసినా చాలును. దొడ్డి పని చేసేది అధికంగా స్త్రీలే గనుక, వారిని కూర్చోబెట్టి అడిగి వ్రాయవలెను. ప్లాంటు నడిచేదీ ఆగేదీ వారి చేతి మీదనే.

రెండవది, స్లర్రీ ఎవరి పొలానికి పోవునో పేర్లతో జాబితా తయారు చేయవలెను. సంఘమే స్లర్రీ కొనదలచినచో, పాలకు వెన్న శాతం చూసినట్లే స్లర్రీకి చిక్కదనము చూసి ధర కట్టవలెను. నీళ్ల స్లర్రీకి, చిక్కని స్లర్రీకి ఒకే ధర ఇచ్చిన సంఘము నిలువదు.

మూడవది, సభ్యుని వాటా ఎంత, మరమ్మతు నిధికి నెలకు ఎంత, ఎవరు వసూలు చేయవలెను అనునవి ముందే తేల్చుకొనవలెను. పాల బిల్లులో కోత పెట్టదలచినచో సభ్యుని వ్రాతపూర్వకమైన ఒప్పుదల తీసుకొనవలెను.

ఈ మూడు కాగితములను మహాజన సభ ముందు పెట్టి, చదివి వినిపించి, తీర్మానము వ్రాసిన తరువాత దరఖాస్తు పంపవలెను. పేడ సరిపోదని లెక్కలో తేలినచో దరఖాస్తు మానుకొనుటయు మంచి తీర్మానమే. అటువంటి గ్రామంలో పెంటకుప్పను గుంటలో వేసి, చుట్టూ గట్టు కట్టి, వాననీరు చేరకుండా చూసుకొన్నా చెరువుకు మేలు జరుగును.

ప్రభుత్వ సొమ్ము ఎవరిదో కాదు, మన పన్నులదే. ప్లాంటు నడిచినచో దాని ఫలము వంటింటికీ, పొలానికీ, ఊరి బావికీ అందుతుంది. ఆగినచో ఊరి మధ్య తుప్పు పట్టిన డ్రమ్ము ఒక్కటే మిగులుతుంది. వచ్చే మహాజన సభ అజెండాలో పేడ పద్దును ఒక అంశముగా చేర్చవలసినదిగా పాలకవర్గ సభ్యులను, కార్యదర్శులను కోరుచున్నాము.